పెరటి చెట్టు ఫోటోకి పనికొస్తుంది

ప్రశ్న: నాకు అరవై ఒకటో ఏడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరుగా చేసి రిటైరయ్యాను. కడియం దగ్గర ఒక పల్లెలో ఉంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం డబ్బులు కూడబెట్టి జెనిత్ కెమెరా కొనుక్కున్నాను. అప్పట్నుంచీ ఇప్పటిదాకా తీసినవన్నీ పూలు, ఆకుల ఈనెలు, సాలెగూళ్ళు, గొంగళిపురుగులే. మనుషుల్ని తీయడం నాకు రాదు. ఇప్పుడు మా అబ్బాయి వదిలేసి వెళ్ళిన కెనాన్ డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్స్ వాడుతున్నాను. వాడు బెంగళూరులో ఉంటాడు. 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసేది) కొనిపెడతానంటున్నాడు, లేదంటే కర్ణాటకలో కబిని అడవికి తీసుకెళ్తాను, పులుల్ని తీద్దువుగాని అంటున్నాడు. ఏది మంచిది? దగ్గర్నుంచి తీస్తే పురుగు కన్ను తేటగా వస్తే కాళ్ళు మసక, కాళ్ళు వస్తే కన్ను మసక. మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేను. తెలిసినాయన ఒకరు పురుగుల్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే కదలవన్నారు, నాకు మనసొప్పలేదు. ఇంకొకటి. రేకు పెట్టె నిండా పాత నెగెటివ్‌లున్నాయి. కవర్ల మీద తేదీ, చెట్టు పేరు రాసే అలవాటుండేది. మావారు "ఈ పురుగుల పిచ్చి ఎవరికి పనికొస్తుంది" అంటారు నవ్వుతూనే. ఈ మధ్య నాకూ అలాగే అనిపిస్తోంది.
– విశ్రాంత ఉపాధ్యాయిని, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: టీచరు గారూ, ముందు ఆ ఫ్రిజ్ సంగతి తేల్చేద్దాం. మిగతావాటికి ఆలోచించి చెప్పాలి గానీ దీనికి ఆలోచన అక్కర్లేదు. వద్దు. చలికి పురుగు కదలదు, నిజమే. తీసి బయట పెట్టాక కొన్ని తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు. పోనీ ఫోటో అయినా బాగా వస్తుందా అంటే అదీ లేదు. అలా బిగుసుకున్న పురుగు కాళ్ళు ముడుచుకుని, మీసాలు వాల్చేసి, ఆకు మీద ఎవరో తెచ్చి పెట్టినట్టే ఉంటుంది. తనంతట తాను వాలినప్పటి ఠీవి ఉండదు. నలభై ఏళ్ళు పురుగుల్ని చూసిన కళ్ళు మీవి, ఆ తేడా మీకు నాకన్నా ముందే కనిపిస్తుంది. మీ మనసు ఒప్పకపోవడమే సరైనది.

ఆ పని ధనుర్మాసం ఉచితంగా చేసిపెడుతుంది కూడా. పురుగులకు మనలాగా ఒంట్లో వేడి నిలవదు. రాత్రంతా చల్లబడి, ఎండ తగిలేదాకా ఎగరలేక అలాగే పట్టుకుని ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మీ గోదావరి పల్లెల్లో మంచు ఎలా కురుస్తుందో నేను చెప్పాలా? వీధిలో ముగ్గులు పెట్టే వేళకి చేలగట్ల మీద గడ్డిపరకలకు తూనీగలు వేలాడుతుంటాయి, కళ్ళ మీద కూడా మంచు బొట్లతో. అప్పుడు మీరు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరకి వెళ్ళినా లేవవు. సూర్యుడు పైకొచ్చాక కొన్ని జాతులు రెక్కలు వణికించడం మొదలెడతాయి, ఒళ్ళు వేడెక్కించుకోవడానికి. ఆ వణుకు మొదలైందంటే మీకు మిగిలింది ఒకటి రెండు నిమిషాలే. స్ప్రే సీసాతో నీళ్ళు చల్లి మంచు అనిపించడం చాలామంది చేస్తారు. పువ్వు మీద చల్లితే ఎవరికీ నష్టం లేదు, అది మంచు అని రాయనంతవరకు.

ఇక లెన్స్. మీ అబ్బాయి ప్రేమని కాదనమనడం లేదు, కానీ ఇప్పుడే కొనొద్దంటాను. కారణం డబ్బు కాదు. మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటితో ఏమేం చేయొచ్చో చూడకుండానే కొత్తది కొంటున్నారు.

లెక్క చూడండి. మీ కెమెరా సెన్సర్, అంటే లోపల బొమ్మ పడే పలక, అడ్డంగా దాదాపు 22 మిల్లీమీటర్లు. 18-55 కిట్ లెన్స్‌ని 55 దగ్గర పెట్టి, అది ఫోకస్ అయ్యేంత దగ్గరకి, అంటే సెన్సర్ నుంచి సుమారు 25 సెంటీమీటర్ల దూరానికి తీసుకెళ్తే, వస్తువు అసలు సైజులో మూడో వంతు సైజులో సెన్సర్ మీద పడుతుంది. అంటే ఆరున్నర సెంటీమీటర్ల వెడల్పున్న దృశ్యం ఫ్రేమంతా నిండుతుంది. మీ నిమ్మచెట్టు చుట్టూ తిరిగే నలుపూ పసుపూ మచ్చల సీతాకోకచిలుక, అదే ఇంగ్లీషువాళ్ళు లైమ్ బటర్‌ఫ్లై అనేది, రెక్కలు విప్పితే ఎనిమిది పది సెంటీమీటర్లుంటుంది. దానికి మాక్రో లెన్స్ అవసరమే లేదు, మీ కిట్ లెన్సే ఎక్కువ. మందారం కేసరాలకీ, ఆకు ఈనెలకీ, తూనీగకీ కూడా అంతే. మాక్రో లెన్స్ అవసరం పడేది ఒక సెంటీమీటరు, అంతకన్నా చిన్నవాటికి. అక్కడికి వెళ్ళడానికి దారి మీ బీరువాలోనే ఉంది.

మీ జెనిత్‌కి ఉన్న లెన్స్ హీలియోస్ 44 అయ్యుండాలి. 58 ఎంఎం, ఎఫ్/2 (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ వెలుగొచ్చే రంధ్రం చిన్నదవుతుంది). మూతి చుట్టూ రాసి ఉంటుంది చూడండి. టార్చిలైటు వేసి లోపలికి చూస్తే సాలెగూడు పోగుల్లా బూజు కనిపించకపోతే అది ఇప్పటికీ బంగారమే. దాన్ని కెనాన్ మీద పెట్టడానికి ఎం42 అడాప్టర్ దొరుకుతుంది, చాలా చవక. లెన్స్ వెనక చిన్న పిన్ను ఉంటే, దాన్ని నొక్కి ఉంచే అంచు (ఫ్లాంజ్) ఉన్న అడాప్టరే అడగండి. లేకపోతే మీరు ఎఫ్/11 అని తిప్పినా లోపలి రేకులు మూసుకోవు. దానితోపాటు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఒక సెట్టు. వీటిలో గాజు ఏమీ ఉండదు, ఉత్త గొట్టాలు. లెన్స్‌ని సెన్సర్ నుంచి దూరం జరపడమే వాటి పని. లెన్స్ ఎంత దూరం జరిగితే బొమ్మ అంత పెద్దదవుతుంది, బడిలో కుంభాకార కటకం పాఠంలో పిల్లలకి చెప్పే సంగతే. 12, 20, 36 మిల్లీమీటర్ల ట్యూబులు మూడూ కలిపితే 68. దాన్ని 58తో భాగించండి: ఒకటికి కాస్త ఎక్కువ. అంటే అసలు సైజు కన్నా పెద్దగా. 36 ఒక్కటే పెడితే మూడింట రెండొంతుల దగ్గర ఆగుతుంది. ఆటోఫోకస్ ఉండదు, కానీ ఇంత దగ్గర్లో దానితో పని కూడా తక్కువే.

మరి మాక్రో లెన్స్ దేనికంటారా? దూరానికి. 100 ఎంఎం లెన్స్ అసలు సైజు ఇస్తూ కూడా పురుగుకీ గాజుకీ మధ్య జానెడుకి కాస్త తక్కువ ఖాళీ ఇస్తుంది. ట్యూబులతో అయితే అది నాలుగైదు వేళ్ళ వెడల్పుకి వచ్చేస్తుంది, బెదురు పురుగులు లేచిపోతాయి, ఒక్కోసారి మీ నీడే దాని మీద పడుతుంది. ఆ ఇబ్బంది మీకు ఎదురైన రోజున లెన్స్ కొనిపించుకోండి. అప్పుడు దాని విలువ మీకే తెలుస్తుంది. ఈ అతుకుల బొతుకుల సరంజామా చూసి ఎవరైనా నవ్వితే మద్రాసు ఎం. కృష్ణన్ గారి సంగతి చెప్పండి. ఈ దేశంలో అడవి జంతువుల్ని అంతగా చూసి, తీసి, రాసినవారు అరుదు. 1950 నుంచి 1996లో పోయేదాకా ఒకే పత్రికలో ప్రకృతి మీద శీర్షిక రాశారు. ఆయన కెమెరా తానే భాగాలు కూర్చి కట్టుకున్నది. దానికి సూపర్ పాండరోసా అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

కన్ను వస్తే కాళ్ళు రావన్నారు. అది మీ చేతి వణుకు కాదు. అంత దగ్గర్లో తేటగా కనిపించే మందం నిజంగానే అంత పల్చన. మీ కెమెరాలో అసలు సైజు దాటి, ఎఫ్/8 దగ్గర తీస్తే ఆ మందం అర మిల్లీమీటరు. బియ్యపుగింజ మందంలో మూడో వంతు కూడా కాదు. సరే అని ఎఫ్/22కి తిప్పేస్తారు చాలామంది. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర చెదిరి మొత్తం బొమ్మే మెత్తబడిపోతుంది. పైగా ట్యూబులు వేసి అసలు సైజు దగ్గర తీసేటప్పుడు మీరు ఎఫ్/11 పెట్టినా అది ఎఫ్/22 లాగానే పనిచేస్తుంది. ఎఫ్/8 నుంచి 11 దాటకండి.

దీనికి నాకు తెలిసిన మంచి ఉపాయం ఆశ తగ్గించుకోవడం. మూడు ట్యూబులకి బదులు 36 ఒక్కటే ఉంచండి. ఎఫ్/11లో తేటగా వచ్చే మందం ఒకటిన్నర మిల్లీమీటరు దాటుతుంది, అంటే మూడింతలు. బొమ్మ ఫ్రేములో చిన్నగా వస్తుంది, రానివ్వండి. ఇప్పటి సెన్సర్లలో సగం కత్తిరించి పారేసినా పుస్తకం సైజు ప్రింటు హాయిగా వస్తుంది. రెండోది, పురుగు ఏ తలంలో ఉందో కెమెరా వీపు ఆ తలానికి సమాంతరంగా పెట్టడం. రెక్కలు మూసి కూర్చున్న సీతాకోకచిలుకని సరిగ్గా పక్కనుంచి తీస్తే మీసం నుంచి తోక దాకా అంతా ఆ పల్చటి మందంలోనే ఇమిడిపోతుంది. అదే కొంచెం వాలుగా నిలబడితే సగం పోతుంది. మూడోది చేతి అలవాటు: ఫోకస్ రింగు తిప్పకండి. అది ఒకచోట ఉంచేసి, మీరే ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి ముందుకి వెనక్కి జరుగుతూ, కన్ను తేటపడిన క్షణాన నొక్కండి. నాలుగైదు వరసగా నొక్కితే ఒకటి దక్కుతుంది. కదలని వాటికైతే, గింజలకీ నాచుకీ చెట్టుబెరడుకీ, కొంచెం కొంచెం జరుపుతూ ఇరవై ముప్ఫై తీసి హెలికాన్, జెరీన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒక్కటిగా పేర్చుకోవచ్చు. సరదా పనే, కానీ దాని జోలికి తర్వాత వెళ్దురుగాని.

ఎఫ్/11 దగ్గర వెలుగు చాలదు, అందుకని ఫ్లాష్ కావాలి. మొదట్లో కెమెరా నెత్తిన లేచే బుల్లి ఫ్లాష్ చాలు. షట్టర్ సెకనులో 1/200 వంతు, ఐఎస్‌ఓ 200 (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం), ఫ్లాష్ పవర్ తక్కువలో. అంత తక్కువలో ఫ్లాష్ వెలిగేది సెకనులో కొన్ని వేల వంతు కాబట్టి చేతి వణుకు, గాలి ఊపు రెండూ ఆగిపోతాయి. కానీ ఉత్త ఫ్లాష్ వేస్తే అక్షింతల పురుగు వీపు మీద సూదిమొనలాంటి తెల్లచుక్క పడి, ఆ ఎరుపంతా పాడవుతుంది. ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపరు గానీ, పాలలా తెల్లగా ఉండే ప్లాస్టిక్ ఫైలు ముక్క గానీ లెన్స్ మూతి దాకా వంచి కట్టండి. ఆ తెల్లకాగితం ఎంత పెద్దదై, పురుగుకి ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తగా పడుతుంది.

మోకాళ్ళ సంగతి. వంగడం మానేయండి, పురుగులే మీ ఎత్తుకి వస్తాయి. మీరు కడియం దగ్గరుంటూ మొక్కల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు కదా. పిట్టగోడ మీద, నడుమెత్తులో, నాలుగు కుండీలు పెట్టండి: కరివేపాకు, నిమ్మ, పెరిగితే ఒక జిల్లేడు. జిల్లేడు ఇంట్లో ఏమిటని మీవారు అంటారంటారా, గోడ అవతల పెట్టండి. నర్సరీ నుంచి తెచ్చినవాటికి మందులు కొట్టి ఉంటారు, కొత్త చిగుళ్ళు వచ్చేదాకా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఆ తర్వాత చూడండి.

కరివేపాకు లేతచిగురు మీద లేతపసుపు గుండ్రటి గుడ్డు, ఒక్కొక్కటీ విడివిడిగా, ఆవగింజకన్నా చిన్నది. అందులోంచి వచ్చే గొంగళి మొదట్లో నల్లగా, మధ్యలో తెల్లమచ్చతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. రెట్టని ఏ పిట్టా తినదు కదా! కుబుసాలు విడుస్తూ పెరిగి, చివరికి ఆకుపచ్చగా మారుతుంది. అప్పుడు అగ్గిపుల్లతో మెల్లగా వీపు తాకితే తల వెనకనుంచి పాము నాలుకలాంటి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి తోసి ఘాటు వాసన కొడుతుంది. ఒకట్రెండుసార్లకి మించి విసిగించకండి. తర్వాత నడుముకి పట్టుదారం కట్టుకుని కొమ్మకి ఆనుకుని ప్యూపా అవుతుంది, చుట్టూ ఆకులుంటే పచ్చగా, ఎండుకొమ్మ మీదైతే గోధుమరంగులో. ఇదంతా నెల తిరిగేలోపు, కుర్చీలో కూర్చుని తీయొచ్చు. ఒకే కొమ్మ, ఒకే కోణం, రోజుకొకటి. ఇలాంటి వరస ఎంతమంది దగ్గర ఉంటుందంటారు? లెన్సులు కొన్నవాళ్ళు వేలల్లో ఉన్నారు గానీ, ఒక కరివేపాకు కొమ్మ దగ్గర నెలరోజులు కూర్చునే తీరికున్నవాళ్ళు తక్కువ.

మామిడిచెట్టుంటే ఇంకా మంచిది. ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమల బారు ఉంటుందిగా, దాన్ని కాసేపు ఊరికే చూడండి. ఒక 'చీమ' బారులో కలవకుండా కాస్త ఎడంగా తచ్చాడుతుంటుంది. కాళ్ళు లెక్కపెట్టండి. ముందు కాళ్ళు రెండూ మీసాల్లా ఎత్తి పట్టుకుని, మిగతా ఆరింటితో నడుస్తుంది. అది చీమ వేషం కట్టిన గెంతుడు సాలీడు. ఆ చీమలంటే పిట్టలకీ కందిరీగలకీ హడలు కాబట్టి, వాటి నీడన బతికేస్తుంది. ఎదురుగా వెళ్తే మొహం మీద పెద్ద కళ్ళు రెండు మిమ్మల్నే చూస్తాయి, చీమకి అలాంటి కళ్ళుండవు. చీమలు మాత్రం కుడతాయి, చేతులకి పౌడరు రాసుకుని వెళ్ళండి.

నేలమీద తప్ప దొరకనిది ఒకటే, ఆరుద్ర పురుగు. తొలకరికి ఉసిళ్ళు లేచే రోజుల్లో అవీ పైకొస్తాయి, ఉసిళ్ళే వాటి విందు. దానికోసం మాత్రం పొట్టిపీట వేసుకుని, బియ్యం పోసిన చిన్న గుడ్డసంచి నేలమీద పెట్టి దానిమీద కెమెరా ఆనించండి. లైవ్ వ్యూ స్క్రీను పైకి తిరిగేదైతే పడుకోనక్కర్లేదు, తిరగకపోతే కేబుల్‌తో ఫోనుకి కలిపి అందులో చూడొచ్చు. పట్టుకొచ్చి కుండీలో పెడదామనుకోకండి, వెతికి ఏరి అమ్మేవాళ్ళు ఇప్పటికే చాలామంది. ఫోటో తీసినవాళ్ళందరూ చేసే ఫిర్యాదు ఒకటుంది: వెల్వెట్టు పోగులు కనబడవు, ఎర్ర ముద్ద వస్తుంది. ఎందుకంటే కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిపి వెలుగు సరిచూసుకుంటుంది. నల్లటి తడిమట్టి మీద అది వెలుగు పెంచేస్తే, ఎరుపు ఒక్కటే పొంగిపోయి లోపలి వివరం మాయమవుతుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపు, అంటే వెలుగు సగానికి, తగ్గించి, ఆర్‌జీబీ హిస్టోగ్రాంలో, అంటే మూడు రంగుల వెలుగు చూపే గ్రాఫులో, ఎరుపు గీత కుడిగోడకి కొట్టుకోకుండా చూడండి. రా ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు, తీయండి. అప్పుడు ఒక్కో పోగూ విడిగా లెక్కపెట్టుకోవచ్చు. అన్నట్టు ఎనిమిది కాళ్ళుంటాయి దీనికి. పేరుకే పురుగు, వంశం సాలీళ్ళది.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తాను. ఎవరికి పనికొస్తుంది?

బెర్లిన్‌లో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని మీలాగే ఒక మాస్టారుండేవారు. కళాశాలలో అలంకరణ పని నేర్చుకునే విద్యార్థులకి మొక్కల ఆకారాలు చూపించడానికి, సొంతంగా కట్టుకున్న కెమెరాతో మొగ్గల్నీ తీగల నులుల్నీ గింజల్నీ ముప్ఫై రెట్ల దాకా పెద్దవి చేసి తీశారు, దశాబ్దాల పాటు. ఫోటోగ్రాఫర్ననే అనుకోలేదు, పాఠం చెప్పడానికి బొమ్మలు కావాలి అంతే. అవి 1928లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికి ఆయనకి 63 ఏళ్ళు. ఆ ఒక్క పుస్తకంతో లోకానికి తెలిశారు. మీకూ అలా పేరొస్తుందని చెప్పడం లేదు. పాఠం కోసం తీసినదీ, ఇష్టంతో తీసినదీ వృథా అని ముందే తీర్పు చెప్పకండి అంటున్నాను.

మీ విషయంలో ఇంకో సంగతుంది. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం లెన్స్ గురించినది కాదు, కవర్ల మీద తేదీ, చెట్టు పేరు రాసే అలవాటుండేది అన్నది. అమెరికాలో కాంకర్డ్ అనే ఊళ్ళో థోరో అనే రచయిత 1850లలో ఏ పువ్వు ఏ రోజు పూసిందో నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నారు. నూటయాభై ఏళ్ళ తర్వాత బోస్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ తేదీల పక్కన ఇప్పటి తేదీలు పెట్టి, వేడెక్కిన కొద్దీ పూత ఎంత ముందుకు జరిగిందో తేల్చారు. రాసినప్పుడు ఆయనకి ఆ సంగతేం తెలుసు? మీ రేకు పెట్టెలో 'రేల, మొదటి పూత' అనో, 'ఆరుద్ర పురుగు, బడి వెనక' అనో తేదీతో ఉన్న కవరు, పక్కన ఫోటో సాక్ష్యంతో సహా, ఒకే ఊరు నుంచి నలభై ఏళ్ళ పొడవునా ఉందంటే, అలాంటిది గోదావరి జిల్లాల్లో ఇంకొకరి దగ్గర ఉంటుందని నేననుకోను. మొన్న లెన్స్ కొన్నవాడు ఎంత అందంగా తీసినా 1990 నాటి మీ ఊరి తూనీగని తీయలేడు. వానల తర్వాత చేల మీద గుంపులుగా ఎగిరే పసుపుపచ్చ తూనీగలు హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతాయని తెలిసి ఇరవై ఏళ్ళయినా కాలేదు. అవి మీ ఊరికి ఏ వారంలో వచ్చాయో ఏటా రాసి ఉంచిన కాగితం ఉంటే చాలు.

కాబట్టి నెగెటివ్‌లు. ముందు పెట్టె తెరిచి వాసన చూడండి. వెనిగర్ వాసన వేస్తే ఆ ఫిల్ము పాడవడం మొదలైంది, ఆ ఆవిరి మిగతావాటికీ చేటు. వాటిని విడదీసి, ముందు వాటినే కాపీ చేయండి. బూజు పట్టినవాటిని నీళ్ళతో తుడవొద్దు. బూజు తిన్న జెలటిన్ నీళ్ళలో కరిగిపోతుంది, బొమ్మతో సహా. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. కాపీ చేయడానికి స్కానర్ కొననక్కర్లేదు. నెగెటివ్ 36 బై 24 మిల్లీమీటర్లు, మీ సెన్సర్ 22 బై 15. మూడింట రెండొంతుల కన్నా ఒక పిసరు తక్కువ సైజు కావాలి. పైన చెప్పిన 58 లెన్స్, 36 ట్యూబు కలిస్తే వచ్చేది సరిగ్గా అదే! ట్రేసింగ్‌కి వాడే ఎల్‌ఈడీ పలక మీద నెగెటివ్ పెట్టి, కెమెరా నిటారుగా కిందికి చూసేలా బిగించి, గదిలో లైట్లార్పి, టైమర్‌తో తీయండి. రంగు నెగెటివ్ నారింజ రంగులో వస్తుంది, దాన్ని తిరగేసి సరిచేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, మీ అబ్బాయికి వదిలేయండి ఆ పని. ప్రతి రోల్‌కీ దాని కవరు కూడా ఒక ఫోటో తీయాలి. బొమ్మ కన్నా కవరు మీది చేతిరాత ముఖ్యం అనుకోండి.

తర్వాత వాటిని జీవజాతుల ఫోటోలు నమోదు చేసే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్‌లో పెట్టండి. తేదీ, చోటు, ఫోటో ఉంటే చాలు, పాతవైనా తీసుకుంటారు. పేరు తెలియకపోయినా తెలిసినవాళ్ళు గుర్తుపట్టి చెప్తారు. చెట్ల పూతా కాతా మీద మోజుంటే సీజన్ వాచ్ అని దేశమంతటా వారం వారం చెట్లని గమనించి నమోదు చేసే కార్యక్రమం ఉంది, మీ రేలచెట్టుని అందులో చేర్చొచ్చు. వాట్సాప్ గుంపుల్లో పెడితే మాత్రం మర్నాటికి అడుగున పడిపోతాయి.

ఒక్క జాగ్రత్త. అరుదైనది కనిపిస్తే చోటు బయటపెట్టకండి. మన గుత్తి పేరుతోనే లోకమంతా పిలిచే నీలం సాలీడు ఉంది కదా, 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందాన్ని బట్టి పోకాక్ అనే ఆయన వర్ణించారు. ఆ తర్వాత శాస్త్రవేత్తల కంటబడింది మళ్ళీ 2001లోనే, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. దాన్ని విదేశాల్లో పెంచుకునేవాళ్ళ కోసం పట్టుకుపోవడం కూడా జరిగింది. ఇప్పుడది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఐనాచురలిస్ట్‌లో చోటు మరుగుపరిచే ఏర్పాటుంది, ఫోనుతో తీసేటప్పుడు మాత్రం లొకేషన్ ఆపేయండి.

ఇక మీ అబ్బాయికి ఏం చెప్పాలి? కబినిలో జీపు దిగనివ్వరు, మీ 18-55తో పులి గోధుమరంగు చుక్కలా వస్తుంది. దానికి తగ్గ లెన్స్ మాక్రో కన్నా బరువూ, ఖరీదూ. కొడుకుతో నాలుగు రోజులు గడపడానికైతే నిక్షేపంగా వెళ్ళండి, కెమెరా కోసమైతే మాత్రం పెట్టిన ఖర్చు దండగ. ఈ పుట్టినరోజుకి ట్యూబులు, అడాప్టర్, ఎల్‌ఈడీ పలక, గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ ఒక కిలో, హార్డ్ డిస్కులు రెండు కొనిపెట్టమనండి. మీ గోదావరి తేమకి లెన్సులు, నెగెటివ్‌లు ఆ డబ్బాలోనే ఉండాలి. హార్డ్ డిస్కు ఒకటి మీ దగ్గర, రెండోది బెంగళూరులో వాడి దగ్గర. మాక్రో లెన్స్ సంగతి వచ్చే ధనుర్మాసం అయ్యాక చూద్దాం. ఈలోగా పెట్టెలో ఆరుద్ర పురుగు కవర్లు ఎన్నున్నాయో, వాటి మీద ఏ తేదీలున్నాయో చూసి నాకు రాయండి. మీవారినే కూర్చోబెట్టి చదివించండి, కళ్ళజోడు శ్రమ మీకు తగ్గుతుంది.